గోడలో చెమ్మ... బాధ్యత ఎవరిది?

ఎండాకాలంలో చూసి, నచ్చి అద్దెకు దిగారు. కొత్త రంగుతో గోడలు తళతళలాడాయి. నాలుగు వానలు పడేసరికి బీరువా వెనక నల్లటి మచ్చలు, మంచం పక్కన ఊడిపోతున్న పెచ్చులు, గదంతా ముక్కవాసన. రాత్రయితే పిల్లాడికి దగ్గు. ఓనరుతో చెబితే ‘మీరు కిటికీలు తీయరు, అందుకే’ అంటారు. ‘మేం రాకముందు నుంచే ఉంది’ అంటారు మీరు. ఈ వాదన తేలేలోపు దెబ్బతినేది ఊపిరితిత్తులు.

చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఉబ్బసం, పిల్లికూతలు, శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్ల ముప్పు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. బ్రిటన్‌లోని రాచ్‌డేల్‌లో 2020 డిసెంబరులో రెండేళ్ల అవాబ్ ఇషాక్ చనిపోయాడు. అద్దె ఇంట్లోని బూజే కారణమని విచారణలో తేలింది. బూజు గురించి చెప్పినప్పుడు తండ్రికి దొరికిన సలహా ‘పైన రంగు వేసుకోండి’ అని. ఆ పిల్లాడి పేరుతో వచ్చిన చట్టం 2025 అక్టోబరులో అక్కడి సామాజిక గృహాలకు అమల్లోకి వచ్చింది. ప్రమాదకరమైన చెమ్మ గురించి తెలిస్తే 10 పనిదినాల్లో పరిశీలించాలి. అత్యవసరమైతే 24 గంటల్లో చర్య తీసుకోవాలి.

మన దగ్గర చాలా ఇళ్లలో 11 నెలల అగ్రిమెంటే ఆధారం. అందులో అద్దె, అడ్వాన్సు గురించి ఉంటుంది కానీ లీకేజీ ఊసుండదు.

చట్టం ఏమంటోంది?

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ ప్రకారం, మామూలుగా చూస్తే కనిపించని పెద్ద లోపం ఉందని ఓనరుకు తెలిస్తే దాన్ని అద్దెకు వచ్చేవారికి ముందే చెప్పాలి. అంటే నీరు కారే గోడకు లప్పం పట్టించి, రంగేసి ఊరుకుంటే కుదరదు. ఓనరు చేయించాల్సిన మరమ్మతును నోటీసు ఇచ్చాక కూడా తగిన సమయంలో చేయించకపోతే, మీరే చేయించుకుని ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. అయితే ఏ మరమ్మతు ఎవరిదన్నది అగ్రిమెంటులో రాసి లేకపోతే అసలు పేచీ అక్కడే మొదలవుతుంది.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ పంపకాన్ని స్పష్టంగా చేసింది. కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, పైపుల మార్పు ఓనరువి. కుళాయిలు, వాషర్లు మార్చడం, డ్రెయిన్ శుభ్రం చేయించడం అద్దెదారువి. రాష్ట్రాలు స్వీకరిస్తేనే అది వర్తిస్తుంది. అయినా అగ్రిమెంటు రాసుకోవడానికి మంచి నమూనా.

ముందు నీటి జాడ పట్టండి

నీరు ఎక్కడినుంచి వస్తోందో తెలిస్తే బాధ్యత సగం తేలినట్టే. వానలకే మచ్చ పెరుగుతుంటే బయటి గోడనో, స్లాబునో అనుమానించాలి. ఏడాది పొడవునా ఉంటే గోడలోని పైపు కావచ్చు. బాత్రూం సీలింగు నుంచి కారుతుంటే పై ఫ్లాటును చూడాలి. అప్పుడు పైవారితో, అపార్ట్‌మెంట్ సంఘంతో మాట్లాడే పని ఓనరు తీసుకోవడం మేలు. కిటికీలు మూసి గదిలోనే తడిబట్టలు ఆరేయడం వల్ల వచ్చిన బూజైతే సరిదిద్దుకోవాల్సింది మీరే.

మచ్చ కనిపించిన రోజే ఫొటో తీసి, తేదీతో వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో ఓనరుకు పంపండి. నోటిమాటకు సాక్ష్యం ఉండదు. ‘ఖాళీ చేసేవాళ్లమే కదా’ అని ఊరుకుంటే నష్టం పెరిగి, చివరికి అడ్వాన్సులో కోత పడొచ్చు.

ఆరోగ్యం ఆగదు

మరమ్మతు అయ్యేదాకా పిల్లలు, పెద్దవాళ్లు, ఉబ్బసం ఉన్నవారి పడకను ఆ గదిలోంచి మార్చండి. బీరువాను గోడకు కాస్త ఎడంగా జరపండి. చిన్న మచ్చనైతే మాస్కు, గ్లౌజులు వేసుకుని సబ్బునీళ్లతో తుడిచి ఆరనివ్వండి. ఆ పని ఉబ్బసం ఉన్నవారికి అప్పగించొద్దు. బ్లీచింగ్, యాసిడ్ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. ఊరెళ్లినప్పుడు తగ్గి, ఇంటికి రాగానే తిరగబెట్టే దగ్గయితే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

మీ ఫ్లాటునే అద్దెకిచ్చి ఉంటే, ఇవన్నీ అటువైపు నుంచి ఆలోచించండి. చిన్న లీకేజీని ఈ ఏడాది వదిలేస్తే పైఏటికి లోపలి ఇనుపచువ్వ తుప్పు పడుతుంది. ఆ ఖర్చు మీదే.

ఈసారి అగ్రిమెంటు రాసుకునేటప్పుడు ఇద్దరూ ఒప్పుకుని ఒక్క వాక్యం చేర్చండి: ‘గోడలు, స్లాబు, లోపలి పైపుల్లో లీకేజీ ఉన్నట్లు రాతపూర్వకంగా తెలిపిన 15 రోజుల్లో యజమాని మరమ్మతు చేయించాలి.’ మందుల చీటీ కంటే ముందు రాసుకోవాల్సింది ఇదే.