బాయి మీదనే కాదు, బస్తీలో కూడా ఓటుంది!

గోదావరిఖని చౌరస్తాలో కార్పొరేషన్ ఎన్నికల ముచ్చట తీస్తే, చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టకుండానే ఒక మాట వినిపిస్తుంది. "కార్పొరేటర్ ఎవడైతేంది? నల్లా సింగరేణిది, కరెంటు సింగరేణిది, క్వార్టరు సింగరేణిది, దవాఖాన సింగరేణిది. కార్పొరేషన్‌ది ఏమున్నది, మోరీ తప్ప?"

ఈ మాట అనేవాడు తెలివి లేని మనిషి కాదు. ముప్పై ఏళ్లు బాయిలో దిగి లోకం చూసిన కార్మికుడు. అందుకే ఈ మాటను మేము కొట్టిపారెయ్యడం లేదు. ఇందులో సగం నిజం ఉంది. మిగిలిన సగం గురించే ఈ సంపాదకీయం.

బొగ్గుగని కార్మికుడికి ఓటు విలువ ఎవరూ నేర్పనక్కర లేదు. సింగరేణిలో గుర్తింపు సంఘాన్ని 1998 నుంచి రహస్య ఓటుతో ఎన్నుకుంటున్నారు. 2023 డిసెంబర్ 27న జరిగిన ఎన్నికలో నలభై వేల లోపు కార్మికులుంటే, దాదాపు 94 శాతం మంది వచ్చి ఓటేశారు. నైట్ షిఫ్ట్ దిగి నిద్రకళ్లతోనే లైన్లో నిలబడ్డవాళ్లున్నారు. ఏ సంఘం ఏ ఒప్పందం మీద సంతకం చేసింది, ఎవరు ఏ హక్కును యాజమాన్యం కాళ్ల దగ్గర పెట్టారు, అన్నీ నోటికి చెప్పగలరు. అదే కార్మికుడిని తన డివిజన్ బడ్జెట్ ఎంత అని అడగండి. తెల్లమొహం వేస్తాడు. తప్పు అతనిది కాదు. ఆ లెక్క అతని ముందు పెట్టినవాడు లేడు.

బాయి ఎన్నికలో జీతం, ప్రమోషన్, బోనస్ కనిపిస్తాయి. బస్తీ ఎన్నికలో ఏముంది? ఊరు ఉంది. బాయికి ఆయుష్షు ఉంటుంది, ఊరికి ఉండకూడదు. ఈ తేడాను మనం ఇన్నేళ్లుగా మరిచిపోయాం.

మన ఊళ్లో మూతపడటం అంటే ఏమిటో కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో మూతపడింది. ఇరవై ఏళ్లకు పైగా ఆ కాలనీ ఎట్లా ఉందో చూసినవాళ్లం. 2021లో ఆర్ఎఫ్‌సీఎల్ పేరుతో మళ్లీ పొగ వచ్చింది గానీ, వెళ్లిపోయిన కుటుంబాలు తిరిగి రాలేదు. 1971 నుంచి నడిచిన 62.5 మెగావాట్ల బి-థర్మల్ కేంద్రం 2024లో ఆగిపోయింది. సింగరేణిలో 1990ల మొదట్లో లక్షా పదహారు వేల మంది కార్మికులుండేవారు. ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. బొగ్గు తగ్గిందా అంటే తగ్గలేదు, పెరిగింది. తగ్గింది మనిషి. అండర్‌గ్రౌండ్ బాయిల స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి. పది మంది చేసే పని ఒక యంత్రం చేస్తోంది. గోల్డెన్ షేక్‌హ్యాండ్ పేరుతో ఇంటికి పంపిన రోజులు ఇంకా మన ఇళ్లల్లో మానని గాయమే.

జనాభా లెక్కలు చూడండి. రామగుండం పట్టణంలో 2001లో సుమారు 2 లక్షల 36 వేల మంది ఉన్నారు. 2011 నాటికి 2 లక్షల 29 వేలకు పడిపోయారు. తెలంగాణలో చాలా పట్టణాలు పొంగిపోతున్న పదేళ్లలో, రాష్ట్రానికి వెలుగునిచ్చే మన పట్టణం కుంచించుకుపోయింది! దీని మీద ఒక్క కౌన్సిల్ సమావేశమైనా పూర్తిగా చర్చించి ఉంటే, మేము ఈ మాట రాసేవాళ్లం కాదు.

బొగ్గు అయిపోయిన ఊళ్లు లోకంలో చాలా ఉన్నాయి. ఇంగ్లండులో బార్న్‌స్లీ అని ఒక పట్టణం ఉంది. అదీ మన గోదావరిఖని వంటి బొగ్గుగడ్డే. 1984-85లో అక్కడి గని కార్మికులు ఏడాది పాటు సమ్మె చేశారు, ఓడిపోయారు. తరువాత బాయిలు ఒకదాని వెనుక ఒకటి మూసేశారు. గ్రైమ్‌థార్ప్ బాయి 1993లో పోయింది. 2015 డిసెంబర్‌లో కెల్లింగ్లీ మూతతో బ్రిటన్‌లో లోతు బొగ్గుగనుల కథే ముగిసింది. మరి ఆ ఊళ్లకు దిక్కెవరు? బొగ్గు బోర్డు పోయింది. ఇరవై నాలుగ్గంటలూ తిరిగిన చక్రాలు ఆగిపోయాయి. మిగిలింది కౌన్సిల్ ఒక్కటే. 1974 నుంచి బార్న్‌స్లీ ఒక మెట్రోపాలిటన్ బరో. బడులు, రోడ్లు, చెత్త, గ్రంథాలయాలు, ముసలివాళ్ల సంరక్షణ ఆ కౌన్సిల్ పనులు. వేలాది కిరాయి ఇళ్లు కూడా దానివే. బాయి పోయిన తెల్లారి కార్మికుడు వెళ్లి గల్లా పట్టుకోగలిగిన గడప అదొక్కటే.

అక్కడ స్వర్గం ఉందని మేము చెప్పడం లేదు. ఆ ఊళ్లల్లోనూ పేదరికం ఉంది. కౌన్సిల్ ఎన్నికల్లో చాలాసార్లు మూడో వంతు ఓటర్లు కూడా రారు. కానీ ఒక పద్ధతి చూడండి. అటువంటి బరోల్లో వార్డుకు ముగ్గురు సభ్యులు, నాలుగేళ్ల పదవి. ఒకేసారి అందరినీ ఎన్నుకోకుండా ఏడాదికి మూడో వంతు మందిని ఎన్నుకోవడం అక్కడి పాత ఆనవాయితీ. నాలుగో ఏడు ఖాళీ. డాంకాస్టర్, రోథర్‌హామ్ వంటి చోట్ల నాలుగేళ్లకోసారి అందరినీ ఎన్నుకునే పద్ధతికి మారారు. 2015లో రోథర్‌హామ్ కౌన్సిల్ పిల్లల రక్షణలో ఘోరంగా విఫలమైందని ప్రభుత్వం కమిషనర్లను పంపి అధికారాలు తీసుకుంది. అయినా 2016 మేలో మొత్తం స్థానాలకు ఎన్నిక జరిపింది. తరువాత అధికారాలు మెల్లమెల్లగా తిరిగి ఇచ్చింది. 2020లో కరోనా వల్ల ఎన్నిక ఏడాది వాయిదా పడితే పాత సభ్యులే కొనసాగారు. సభ్యులే లేని కౌన్సిల్ మాత్రం లేదు.

మరి మన దగ్గర? 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పాలకవర్గం గడువు అయిదేళ్లని, ఆ గడువు ముగిసేలోపే కొత్త ఎన్నిక పూర్తి కావాలని 243-యు అధికరణం స్పష్టంగా చెబుతోంది. ఆచరణ చూడండి. 2010 సెప్టెంబర్‌లో రాష్ట్రంలోని పట్టణ పాలకవర్గాల గడువు ముగిస్తే 2014 మార్చి దాకా ఎన్నిక లేదు. మూడున్నరేళ్లు ప్రత్యేకాధికారుల రాజ్యం. 2014లో వచ్చిన పాలకవర్గాలు 2019 జూలైలో దిగితే, ఎన్నిక 2020 జనవరి 22న. ఆ పాలకవర్గం గడువు 2025 జనవరిలో ముగిస్తే మళ్లీ ఏడాదికి పైగా అధికారి పాలనే. ఒకసారైతే పొరపాటు అనుకోవచ్చు. మూడుసార్లు జరిగితే అలవాటు. మొదటిసారి హైదరాబాద్‌లో వేరే ప్రభుత్వం ఉంది, తిట్టుకున్నాం. తరువాత రెండుసార్లూ మన రాష్ట్రంలోనే, వేర్వేరు పార్టీల ఏలుబడిలో జరిగింది. ఎవరిని తిట్టుకోవాలి?

ఎన్నిక జరిగినప్పుడు మాత్రం ఏం జరుగుతోంది? 2014లో ఎన్నికైన మేయర్ అవిశ్వాసంతో 2018లోనే దిగారు. 2020లో రామగుండంలోని 50 డివిజన్లలో ఏ పార్టీకీ సగం రాలేదు. ఫార్వర్డ్ బ్లాక్ గుర్తు మీద గెలిచినవాళ్లు, స్వతంత్రులు కలిసి పదిహేను మంది దాకా ఉన్నారు. 18 గెలిచిన టీఆర్ఎస్ మేయర్ పీఠం ఎక్కింది. మేయర్‌ను ఎన్నుకునేది జనం కాదు, గెలిచిన సభ్యులు, వాళ్లతో పాటు ఎక్స్‌అఫీషియో ఓటున్న ప్రజాప్రతినిధులు. కాబట్టి గల్లీలో ఏ గుర్తుకు ఓటు వేశామో, కుర్చీలో ఏ జెండా ఎగురుతుందో రెండింటికీ పొంతన ఉండదు. గెలిచిన తెల్లారి బస్సెక్కించి క్యాంపులకు తోలుకుపోయే పద్ధతిని ఈ రాష్ట్రంలో చూడని పట్టణం లేదు. ఓటరు బస్తీలో ఉంటాడు, కార్పొరేటర్ రిసార్టులో ఉంటాడు.

మహిళలకు సగం స్థానాలు వచ్చాయి. మంచిదే. కానీ చాలాచోట్ల బోర్డు మీద భార్య పేరు, కుర్చీలో భర్త. బిందె పట్టుకుని నల్లా దగ్గర నిలబడే ఆడబిడ్డకే నీళ్ల కష్టం తెలుసు. ఆ బిడ్డ నోటితో కౌన్సిల్‌లో మాట రానప్పుడు రిజర్వేషన్ కాగితం మీదనే మిగులుతుంది.

"ఇంత లొల్లి ఎందుకు, ఊరంతా కంపెనీకే ఇచ్చేస్తే బాగుంటది" అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఒక హెచ్చరిక. పరిశ్రమే పట్టణ సేవలు అందించే చోట మున్సిపాలిటీ అక్కర లేకుండా పారిశ్రామిక టౌన్‌షిప్ ప్రకటించే వీలు రాజ్యాంగంలోనే, 243-క్యూ అధికరణంలో ఉంది. జంషెడ్‌పూర్‌లో దశాబ్దాలుగా ఎన్నికైన మున్సిపల్ కౌన్సిల్ లేదు. అక్కడ రోడ్లు అద్దంలా ఉండవచ్చు. కానీ అడిగే హక్కు? కంపెనీ తన మస్టర్‌లో పేరున్నవాణ్ని చూస్తుంది. మస్టర్‌లో పేరు లేని కూరగాయలమ్మే అవ్వను, ఆటో నడిపే తమ్ముణ్ని, రిటైరై క్వార్టర్ ఖాళీ చేసిన కార్మికుణ్ని ఎవరు చూస్తారు? కంపెనీకి కార్మికులుంటారు. పౌరులుండేది కార్పొరేషన్‌కే.

అందుకే ఓటు అడగడానికి గడప ఎక్కే ప్రతి అభ్యర్థినీ, ఏ కండువా వేసుకున్నా సరే, నాలుగు ప్రశ్నలు అడగమని మేము కోరుతున్నాం.

ఒకటి, పన్ను. చిన్న రేకుల ఇంటికి ఇంటిపన్ను కట్టకపోతే నోటీసు వస్తుంది. ఊళ్లో సగం ఆక్రమించిన పెద్ద కంపెనీలు ఏ లెక్కన ఎంత కడుతున్నాయి? ప్రభుత్వ కంపెనీ వేరు, ప్రభుత్వం వేరు. కేంద్ర ప్రభుత్వ ఆస్తులకు రాజ్యాంగం ఇచ్చిన పన్ను మినహాయింపు కంపెనీలకు వర్తించదని 1999లో హైదరాబాద్ ఈసీఐఎల్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. కంపెనీవారీగా పన్ను లెక్క నోటీసు బోర్డు మీద పెట్టిస్తావా?

రెండు, దుమ్ము పైసలు. గనుల వల్ల నష్టపోయే ప్రాంతాల కోసం 2015లో చట్టం తెచ్చి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. పాత లీజులకు రాయల్టీలో 30 శాతం ఆ ఖాతాలో జమ కావాలి. జీడీకే-5 ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగ్‌కు గోడలు అదిరేది మన ఇళ్లల్లో. ఆరేసిన బట్టల మీద బొగ్గుపొడి పడేది మన దండెం మీద. మరి ఆ నిధిలో మన డివిజన్‌కు వచ్చిందెంత, ఎక్కడో రోడ్లకు పోయిందెంత? నువ్వు గెలిస్తే ఆ లెక్క అడుగుతావా?

మూడు, భూమి. సింగరేణి స్థలాల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్ల క్రమబద్ధీకరణకు జీవో 76 వచ్చింది. ఆ జీవో పేరు చెప్పి బస్తీల్లో ఎందరు ఓట్లు అడిగారో లెక్క లేదు. పట్టా ఎందరికి అందింది, ఎందరికి ఆగింది, ఎందుకు ఆగింది? అదీగాక, తవ్వి వదిలేసిన బొందలగడ్డల మీద రేపు ఏం వస్తుందో కంపెనీ ఒక్కటే నిర్ణయిస్తుందా, ఊరు కూడా కూర్చుంటుందా?

నాలుగు, వార్డు కమిటీ. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలుండాలి. యువకులకు, మహిళలకు, పెద్దవయసు వాళ్లకు, ఊరి ప్రముఖులకు ఒక్కొక్కటి, కమిటీకి పదిహేను మంది. అంటే గల్లీలో అరవై మంది గొంతులు. నీ డివిజన్‌లో ఆ అరవై మంది పేర్లు చెప్పగలవా? మూడు నెలలకోసారైనా వాళ్లను కూర్చోబెడతావా? వాళ్లలో పొద్దున్నే మోరీలు తీసే సఫాయి కార్మికురాలికి చోటు ఇస్తావా? అదే చట్టం కార్పొరేటర్ల మీద కలెక్టర్‌కు కర్ర ఇచ్చింది. ఓటరు చేతికి ఇచ్చింది ఈ కమిటీలు మాత్రమే. ఉన్న ఈ ఒక్క పిడికిలినీ తెరిచి పారేసుకుంటే ఎట్లా?

చివరగా, మనల్ని మనం కూడా ఒక మాట అనుకోవాలి. 2011లో సకల జనుల సమ్మె పిలుపు వస్తే, సింగరేణి కార్మికుడు 35 రోజులు బాయి దిగలేదు. జీతం పోయినా, ఇంట్లో పొయ్యి వెలగకపోయినా వెనక్కి తగ్గలేదు. మన ఊరి గురించి మనమే నిర్ణయించుకోవాలన్నది ఆనాటి కోరిక. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఢిల్లీ కొంత హైదరాబాద్‌కు ఇచ్చింది. హైదరాబాద్ గోదావరిఖనికి ఏమిచ్చింది? అధికారం రాజధాని దాకా వచ్చి అక్కడే కూలబడింది. దాన్ని అక్కడి నుంచి గల్లీ దాకా గుంజుకొచ్చే తాడు ఈ వార్డు ఓటే.

ఒకరోజు చివరి టబ్బు బొగ్గు పైకి వస్తుంది. సైరన్ ఆగుతుంది. కంపెనీ బోర్డు పీక్కుని ఇంకో చోటికి పోతుంది. ఆ రోజు ఈ గడ్డ మీద మిగిలేది మన పిల్లలు, వాళ్ల ఇళ్లు, ఆ ఇళ్లను చూసుకోవాల్సిన ఒక కౌన్సిల్. అది ఎట్లాంటి కౌన్సిల్ కావాలో తేల్చేది ఈ ఓటే. అయిదు వందల నోటుకు, క్వార్టర్ సీసాకు దాన్ని అమ్ముకున్నవాడు అమ్ముకునేది తన ఓటును కాదు, బిడ్డ ఉండాల్సిన ఊరిని.

బాయి మీద ఓటుకు నూటికి 94 మంది లేచి వచ్చిన గడ్డ ఇది. బస్తీ ఓటుకూ అట్లాగే లేచి రావాలి. అడిగి మరీ ఓటెయ్యాలి.