ముద్ద మానేస్తే సన్నబడతామా?

ఈ మధ్య మన తరగతిలో తరచుగా వినబడే మాట ఒకటుంది. "ఈ రోజు నుంచి నేను మధ్యాహ్నం తినడం మానేశానే." వారం తిరక్కముందే ఆ పట్టుదల పోతుంది. ఏ పండగ ముందో, ఏ పెళ్ళిచూపుల ముందో మళ్ళీ మొదలవుతుంది. బరువు తగ్గాలనుకోవడం తప్పు కాదు. పస్తులుండి తగ్గాలనుకోవడమే తప్పని నా అభిప్రాయం.

ముందు ఒక లెక్క చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. అదే సర్వేలో నూటికి 24 మంది ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. అంటే లావుగా ఉన్నంత మాత్రాన ఒంట్లో రక్తం ఉన్నట్టు కాదు. రక్తం చాలని ఒంటికి పస్తులు కూడా పెడితే మిగిలేది కళ్ళు తిరగడమే.

మాది పావగడ తాలూకా క్యాతగానచెర్లు. కర్ణాటకలోని తుమకూరు జిల్లా అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఊరి పేరు వినకపోయినా పావగడ సోలార్ పార్కు గురించి మీరు వినే ఉంటారు. తిరుమణి, వల్లూరు, రాయచెర్లు, బాలసముద్రం, మా ఊరు, ఈ ఐదు ఊళ్ళ నేలల్లో సుమారు 13,000 ఎకరాల్లో పలకలు పరిచారు. 2,050 మెగావాట్ల కరెంటు. 2018లో ప్రారంభమైంది. రైతులకు ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల లెక్కన కౌలు మొదలుపెట్టారు. వానలు నమ్ముకుని చెనిక్కాయ వేసి నష్టపోయిన సీమలో అది చిన్న మాట కాదు. దాన్ని నేను తప్పు పట్టడం లేదు.

అయితే చేనుతో పాటు ఇంకోటి కూడా పోయింది. కలుపు తీయడం, కాయ పెరకడం, పశువులకు గడ్డి మోపు మోసుకు రావడం, సద్ది నెత్తిన పెట్టుకుని పోయి రావడం. మా అవ్వలకు వ్యాయామం అనే మాటే తెలీదు, దాని అవసరం కూడా లేకపోయింది. ఇప్పుడు భూమి లేని వాళ్ళకు కౌలూ లేదు, కూలీ లేదు. భూమి ఉన్న వాళ్ళకు ఇంట్లో కూర్చోవడం ఎక్కువైంది. సొంత చేలో పండిన రాగులు కొనుక్కునే సరుకయ్యాయి. మోకాళ్ళ నొప్పులు, షుగరు మా వీధిలో మామూలు మాటలయ్యాయి.

డాక్టరు నడవమంటాడు. ఎక్కడ నడవాలి? చేనికి పోయే ఆడదాన్ని ఎక్కడికని ఎవరూ అడగరు. ఊరికే నడిచే ఆడదాన్ని మాత్రం అందరూ అడుగుతారు. "ఏమ్మే, పనీపాటా లేదా?" అంటారు. ఆ ఒక్క మాటకే రెండో రోజు చెప్పులు గూట్లోకి పోతాయి. దీన్ని బద్ధకం అనేయడం సులువు. కానీ బద్ధకం కాదు, బయటికి పోవడానికి ఉండిన ఒక కారణం పోవడం.

మన సంగతీ అంతే. హాస్టలుకి వచ్చాం, ఒంటికి పని తగ్గింది. పట్టుదల లేదని మనల్ని మనం తిట్టుకుంటాం. మా అవ్వకు మాత్రం ఏమంత పట్టుదల ఉండేదని? తెల్లారితే పక్కింటామె వాకిట్లో నిలబడి "వస్తావా లేదా" అని కేకేసేది. పోక తప్పేది కాదు. ఉత్సాహం మనసులోంచి పుట్టదు, పిలిచే మనిషి వల్ల పుడుతుంది. వ్యాయామం ఒంటరిగా మొదలుపెట్టిన వాళ్ళు మానేస్తే నాకు ఆశ్చర్యం లేదు. తోడుంటే "పనీపాటా లేదా" అనే నోళ్ళు కూడా కాస్త తగ్గుతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు శ్రమ కావాలంటుంది. ఐదు రోజులు, రోజుకు అరగంట గట్టిగా నడిస్తే సరిపోతుంది. దానికి జిమ్ము ఫీజు అక్కర్లేదు. తొందర కూడా పడకూడదు. వారానికి అర కిలోకు మించి తగ్గాలని చూడకపోవడం మంచిది.

ఇక తిండి. డబ్బాల్లో అమ్మే పొడులు మన ఇళ్ళకు అందే ధరల్లో లేవు. అక్కర కూడా లేదు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. 100 గ్రాముల ఉలవల్లో 20 గ్రాముల పైన మాంసకృత్తులు ఉంటాయి. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుమే సరిగ్గా అందదు. ఇవన్నీ మన వంటింటి సరుకులే.

అలాగని ముద్ద తింటే చాలు సన్నబడతాం అనడం కూడా అబద్ధమే. రాగుల్లోనూ బియ్యంలో ఉన్నంత శక్తి దాదాపుగా ఉంటుంది. రోజంతా చేలో వంగిన మనిషి తిన్న రెండు ముద్దలు, బెంచీ మీద కూర్చున్న మనకు ఎక్కువే. ఒక ముద్ద, దాని పక్కన నిండుగా పప్పూ ఆకుకూరా, ఇదీ కొలత. మానాల్సింది ముద్దను కాదు, సాయంత్రం బోండాల పొట్లాన్ని.

అందుకే రెండు మాటలు అడుగుతున్నాను. ఒకటి, హాస్టలు మెస్సులో వారానికి రెండు రోజులు రాగి ముద్ద, ఉలవచారు పెట్టమని మనమంతా కలిసి అర్జీ రాద్దాం. మన శాఖ మేడమ్‌లు కూడా దాని మీద ఒక మాట వేస్తే బలం వస్తుంది. రెండు, సాయంత్రం తరగతులయ్యాక అరగంట మైదానం చుట్టూ నడుద్దాం. బస్సుకు పోవాల్సిన వాళ్ళు మధ్యాహ్నం భోజనాల విరామంలో పావుగంట నడిచినా లెక్కే. ఈ పత్రిక కింద ఒక తెల్లకాగితం అంటించాను. అందులో మీ పేరు ఒక్కటే రాయొద్దు. మీరు పిలుచుకొచ్చే ఇంకొకరి పేరు కూడా పక్కనే రాయండి.