అరాజకమా? అరాచకమా?



ఎక్కడ కొట్లాట జరిగినా మన పత్రికలు ‘అరాచకం’ అంటాయి. సంస్కృతంలోని ‘అరాజకం’ మన నోట మారి ఇట్లయింది. రాజు లేనిదని మాత్రమే దాని అర్థం. గ్రీకు మూలపదానికీ పాలకుడు లేనిదనే అర్థం. అల్లరి అన్న అర్థం తరువాత అంటుకొన్నది.

అంటించినవారు సామాన్యులు కారు. అయోధ్యాకాండలో దశరథుని మరణానంతరం, రాజు లేని దేశానికి కలిగే కీడులను ద్విజులు వసిష్ఠుని యెదుట ఏకరువు పెడతారు. అయితే శాంతిపర్వంలో భీష్ముడు వేరొక మాట కూడా చెబుతాడు. కృతయుగాదిని రాజూ లేడు, దండమూ లేదు. ప్రజలు ధర్మం చేతనే ఒకరినొకరు రక్షించుకొన్నారు. మోహలోభాల వలన ఆ స్థితి చెడిన పిమ్మటనే రాజు వచ్చాడు. అనగా దండం అనాది కాదు. నడుమ వచ్చినదానిని ‘నీవెందుకు?’ అని అడగడం అపరాధమెట్లవుతుంది?

నా దృష్టిలో అరాజకవాదమంటే ఈ అడగడమే. 1840లో తాను అరాజకవాదినని ప్రకటించుకొన్న ప్రూధోఁ చిన్న ఉత్పత్తిదారుల న్యాయమైన వినిమయాన్ని కోరాడు. క్రొపాట్కిన్ సమష్టి స్వామ్యాన్ని కోరాడు. టాల్‌స్టాయ్ ఆ పేరు పెట్టుకొనకయే క్రీస్తు బోధ నుండి రాజ్యనిరాకరణకు చేరాడు. 1916లో కాశీ విశ్వవిద్యాలయ సభలో గాంధీజీ తానూ ఒక అరాజకవాదినే, అయితే వేరు తరహావాడినని అన్నారు. వీరందరినీ ఒకే సూత్రగ్రంథానికి భాష్యకారులుగా కూర్చోబెట్టలేము. వీరిని కలిపేది సిద్ధాంతం కాదు, ఒక చిత్తవృత్తి.

‘ప్రణాళిక లేని ప్రశ్న వలన ప్రయోజనమేమి? మత్స్యన్యాయం రాదా?’ అనవచ్చు. శంక ఉచితమే. 1901లో అమెరికా అధ్యక్షుడు మెకిన్లీని చంపినవాడు అరాజకవాదినని చెప్పుకొన్నవాడే. ఆ హత్యతో పాలన ఆగలేదు సరికదా, అరాజకవాదులను అణచే చట్టాలు వచ్చాయి. అయితే సంపూర్ణ ప్రణాళిక ఉన్నవారు సాధించినదేమి? శ్రామికుల పేర ఏర్పడే రాజ్యం శ్రామికులనే ఏలుతుందని బకూనిన్ 1873లోనే హెచ్చరించాడు. 1921లో క్రోన్‌స్టాట్ నావికులు స్వేచ్ఛగా సోవియట్ ఎన్నికలు జరపమన్నందుకు బోల్షెవిక్ ప్రభుత్వం వారిని సైన్యంతో అణచివేసింది.

కనుక ఈ వాదాన్ని రాజ్యాంగంగా చదవవద్దు, ఒరగల్లుగా వాడుకొందాము. బెత్తం పట్టిన ఉపాధ్యాయుడైనా, ఆజ్ఞ వ్రాసే అధికారి అయినా, ఇంటి యజమాని అయినా తన అధికారానికి కారణం చెప్పవలసినవాడే. బిడ్డను వీథిలోని బండి క్రింద పడకుండా లాగిన తల్లి వెంటనే కారణం చెప్పగలదు. చెప్పలేనివాడే ప్రశ్నించినవానిని ‘అరాచకుడు’ అంటాడు.