గ్రానీ ఆట, మన వీధిలో అవ్వ



ఈ వారం రాసేది వాక్య ధ్యానము కాదు, ఒక జవాబు. రెండు నెలలుగా మన ప్రార్థన గ్రూపుల్లో ఒక ఆడియో తిరుగుతోంది. అందులో మాట్లాడిన దైవజనుని పేరు మేము రాయము. ఆయన చెప్పేది ఇది: హారర్ గేమ్స్ ఆడే పిల్లల్లోకి ఆ ఆటలోని ఆత్మే దిగి వస్తుంది, పిల్లవాడు రాత్రి ఉలిక్కిపడి లేచాడంటే అదే గుర్తు, వెంటనే విడుదల ప్రార్థన చేయించాలి. ఆడియో చివర ఒక ఫోన్‌పే నంబర్ ఉంది. మన సంఘంలో కనీసం పదిమంది దాన్ని మాకే పంపి "అయ్యగారూ, మీరెందుకు దీని గురించి మాట్లాడరు?" అని అడిగారు. మాట్లాడుతున్నాము. కొందరికి కోపం వస్తుందని తెలుసు.

మాట్లాడే ముందు ఆడేవాళ్లను అడగాలి గదా. అంత చిన్న పని మేము ఇంతవరకు చేయలేదు. పోయిన సంవత్సరం యౌవనస్థుల కూడికలో మేమే ఇంచుమించు ఈ ఆడియోలోని మాటలే ప్రసంగించాము. ఒక్క ఆట కూడా చూడకుండా, ఎవరో చెప్పింది విని ప్రసంగించాము. అప్పుడు ఆమేన్ అన్నవాళ్లు చాలామంది ఉన్నారు గాని, అది మా తప్పు. ముందుగా దాన్ని ఒప్పుకుంటున్నాము.

రెండు ఆదివారాలు ఆరాధన అయ్యాక పిల్లలను, యౌవనస్థులను కూర్చోబెట్టుకున్నాము. తర్వాత నంద్యాల పోయి, బ్యాంకు కోచింగ్ కోసం హాస్టళ్లలో ఉంటున్న మన పిల్లలను కలిశాము. తెలియని పెద్దల కోసం రెండు మాటలు. సర్వైవల్ హారర్ అంటే, భయం మధ్యలో ప్రాణం నిలుపుకొని బయటపడే ఆట. 1996లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ తెచ్చిన రెసిడెంట్ ఈవిల్‌తో ఈ పేరు స్థిరపడింది. గుండ్లు తక్కువ, దారి చీకటి, పోరాడడం కంటె తప్పించుకోవడమే తెలివి. మన పల్లె పిల్లలకు తెలిసింది మాత్రం గ్రానీ. 2017లో ఫోన్లకు, మరుసటి ఏడాది కంప్యూటర్‌కు వచ్చింది. తాళం వేసిన ఇంట్లో నిద్ర లేస్తావు. ఐదు రోజులు గడువు. ఇంట్లో ఒక ముసలమ్మ కట్టె పట్టుకొని తిరుగుతుంటుంది. నేల మీద ఏ వస్తువు పడినా వింటుంది, పరుగెత్తుకొని వస్తుంది. మంచం కింద దూరాలి, బీరువాలో దాక్కోవాలి, తాళంచెవులు వెదకాలి. దొరికితే ఒక దెబ్బ, ఒక రోజు పోయినట్టు.

ఏడవ తరగతి పిల్లవాడు చెప్పింది మా చెవిలో ఇంకా ఉంది. "భయమైతాది అయ్యగారూ, అదే బాగుంటాది. సచ్చిపోతే మళ్లా మొదటినుంచి ఆడొచ్చు." ఇంకొకడు, వాడు కొంచెం పెద్దవాడు, ఒప్పుకోలేదు. మొదటి రెండు రోజులే భయమట, ముసలమ్మ ఏ దారిన వస్తుందో పట్టుబడ్డాక అది లెక్కల పరీక్షలాగే ఉంటుందట. సడన్‌గా ముఖం మీదికి వచ్చి అరిచే ఆటలు చౌకబారువని, నిశ్శబ్దంతో భయపెట్టేవే గొప్పవని ఇంటర్ చదివే ఒక చెల్లి చెప్పింది. ఆమే ఇంకొక మాట అడిగింది. "గ్రానీలో ముసలామె, రెసిడెంట్ ఈవిల్ విలేజ్‌లో ఆ పొడుగాటి దొరసాని, మన దేశంలో చేసిన కమల ఆటలో దయ్యం పట్టిన కొత్త కోడలు. ఎప్పుడూ ఆడమనిషే ఎందుకు అయ్యగారూ?" మా దగ్గర జవాబు లేదు. మగ దయ్యాల ఆటలు కూడా ఉన్నాయి లెండి, గ్రానీ రెండో భాగంలోనే ఒక తాత ఉన్నాడట. అయినా ఆ చెల్లి ప్రశ్నను పక్కన పెట్టవద్దు, మళ్లీ దాని దగ్గరికి వస్తాము.

నంద్యాల హాస్టల్‌లో ఒక అబ్బాయి చాలాసేపు నవ్వుతూ తప్పించుకున్నాడు. ప్రిలిమ్స్ మూడుసార్లు రాసినవాడు. చివరికి ఇట్లా అన్నాడు: "ఆటలో ఐదు రోజులే అయ్యగారూ. ఎక్కడినుంచి వస్తాదో తెలుసు, ఎట్లా దాక్కోవాలో తెలుసు. బయట భయానికి అవేం తెలీవు. రాత్రి ఒక గంట ఆడితే నిద్ర పడతాది." ఆ మాట విన్నాక ఆ పిల్లవాడి తలమీద చెయ్యి పెట్టి దయ్యాన్ని గద్దించమంటారా? వాడి నాన్న కౌలుకు చేసిన మిరప సంగతి, తెచ్చిన అప్పు సంగతి మాకు తెలుసు. వాడికి పట్టింది ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. దానికి మేము చేసింది ఏమిటి? వాడు ఊరికి వచ్చిన ప్రతిసారీ "ఉద్యోగం ఎప్పుడు బాబూ" అని గుడి గుమ్మంలోనే అడిగాము. కట్టె పట్టుకొని తిరిగినట్టే.

ఇప్పుడు ఆడియో సంగతి. ఫిలిప్పీ 4:8 చదివి, ఆ జాబితాలో ఈ ఆటలు లేవని ఆ దైవజనుడు చెప్పారు. నిజమే. అయితే ఆ వచనంలో అపొస్తలుడు మొట్టమొదట పెట్టింది సత్యాన్ని. ఆటలో ఉన్న బొమ్మ ఆత్మగా మారి పిల్లవాడిలో దూరుతుందన్నది సత్యమా? విగ్రహమే వట్టిదని 1 కొరింథీ 8లో పౌలు నేర్పితే, ఒకరు కంప్యూటర్‌లో గీసిన బొమ్మకు మనము ప్రాణం పోస్తున్నాము. మన ఆళ్లగడ్డ శిల్పులను చూడండి. ఉగ్ర రూపాలను, కోరలు, గోళ్లతో సహా, పొద్దుపోయేదాకా రాతిలో చెక్కుతారు. సాయంత్రం చేతులు కడుక్కొని ఇంటికి పోయి అన్నం తింటారు. వారు కొలిచే దైవం వేరు, మనం కొలిచే దేవుడు వేరు. కాని చెక్కిన చేతికి రాతి కోపం అంటుకుందని ఈ ఊళ్లో ఎవరైనా ఎన్నడైనా అన్నారా?

ఇంకొక సంగతి వినండి. 2014లో ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్ అనే ఆట వచ్చింది. రాత్రి కాపలావాడు అర్ధరాత్రి నుండి ఉదయం ఆరు దాకా ఒక గదిలో కూర్చుంటాడు. కరెంటు కొంచెమే ఉంటుంది, లైటు వేసినా తలుపు మూసినా అది తరిగిపోతుంది, అయిపోతే బొమ్మలు మీదికి వస్తాయి. (కరెంటు కోతల్లో పెరిగిన మనకు ఆ భయం ఒకరు నేర్పనక్కరలేదు.) దాన్ని చేసిన స్కాట్ కాథన్ టెక్సాస్‌లోని క్రైస్తవ విశ్వాసి. అంతకుముందు ఆయన క్రైస్తవ ఆటలే చేసేవాడు. మన పెద్దలు చదివిన యాత్రికుని ప్రయాణమును కూడా ఆటగా చేశాడు. అవి నడవలేదు. పిల్లల కోసం చేసిన ఇంకొక ఆటలో బొమ్మలు యంత్రాల్లాగా భయంగా ఉన్నాయని జనం విమర్శిస్తే, ఆ విమర్శనే పట్టుకొని ఈ ఆట చేశాడు. అందులో చిన్న పిల్లల హత్యల కథ దాగి ఉంది, దాన్ని మేము మెచ్చుకోవడం లేదు. కాని ఆయన సాతానుకు తలుపు తీశాడని చెప్పేవారు ఒకటి ఆలోచించాలి. యాత్రికుని ప్రయాణములో అపొల్లుయోను లేడా? మరణాంధకారపు లోయ లేదా? లాంతరు వెలుగులో ఆ పుస్తకం విని మన తాతలు వణికారు. ఆ వణుకు దయ్యమని ఏ మిషనరీ అనలేదు.

అయితే "ఏమీ కాదు, ఊరికే ఆట" అనే పిల్లల అభిప్రాయాన్ని కూడా మేము ఒప్పుకోము. ఏమి అయిందో చెబుతాము.

మన వీధి చివర ఒక అవ్వ ఉంది. పేరు రాయము, మీలో చాలామందికి తెలుసు. విధవరాలు, ఊతకర్ర లేనిదే నడవలేదు, చెవులు ఇంచుమించు వినపడవు. ఆటలో ముసలమ్మకు చీమ నడిచినా వినపడుతుంది. ఈమెకు వెనుక గిన్నె పడేసినా వినపడదు. పిల్లలకు అదే ఆట అయింది. ఆమె వెనుక రేకు డబ్బా విసరడం, గోడ చాటుకు పరుగెత్తడం, "గ్రానీ! గ్రానీ!" అని కేకలు. ఒకరోజు అవ్వ మా అమ్మగారితో సంతోషంగా చెప్పింది. "పిల్లోళ్లు నన్ను జూసి గ్యానీ, గ్యానీ అంటాండారమ్మా. నాకు సదువే రాదు, నేనేం గ్యానిని?" తనను జ్ఞాని అంటున్నారనుకుంది. చాలా వారాలు అలాగే అనుకుందట. మా అమ్మగారు ఇంటికి వచ్చి వంట చేయలేక కూర్చుండిపోయింది.

లేవీయకాండము 19:14లో చెవిటివాని విషయమై దేవుడు ఇచ్చిన ఆజ్ఞ చదవండి. తిట్టు తనకు వినపడనివానిని తిట్టడం దేవునికి వినపడుతుంది. అదే అధ్యాయం 32వ వచనంలో తల నెరిసినవారి ముందు లేచి నిలబడమన్నాడు. ఇది పిల్లలకు మేము సూటిగా చెప్పాము. చెప్పినప్పుడు ఏడ్చారు కూడా. పిల్లల తప్పు అంతవరకే.

మిగతాది పెద్దలది. ఆ పిల్లల్లో ఒకడికి జ్వరం వచ్చింది, రాత్రి కలవరించాడు. "గ్రానీ వస్తాంది" అన్నాడట. అప్పటికి ఆడియో అందరి ఫోన్లలో ఉంది. ఆటలోని ఆత్మ దిగి వస్తుందని ఆడియో చెప్పింది. ఆటలో ఉన్నది ముసలమ్మ. మన వీధిలో ఉన్నది ముసలమ్మ. ఎవరు మొదట అన్నారో మేము అడగలేదు, కాని వారం తిరగకముందే "ఆ అవ్వ చూపు మంచిది కాదు" అన్న మాట కుళాయి దగ్గర పుట్టింది. అమావాస్య మరునాడు ఆమె గడప ముందు కోసిన నిమ్మకాయ, పసుపు, కుంకుమ కనబడ్డాయి. పాలు పోసే మనిషి ఆ ఇంటికి రావడం మానేశాడు. ఇది చేసినవారందరూ అన్యులని చెప్పి మేము చేతులు కడుక్కోలేము. ఆదివారం మన చాపల మీద కూర్చునేవారు ఆ మాటల్లో ఉన్నారు.

దీన్ని చిన్న సంగతి అనుకోవద్దు. చేతబడి చేసిందన్న అనుమానంతో మనుషులను, అందులోనూ ఒంటరి ఆడవారిని, కొట్టి చంపిన కేసులు మన తెలుగు జిల్లాల్లో ఎన్నో జరిగాయి. దేశ నేర రికార్డుల్లో ఈ కారణంతో జరిగిన హత్యలకు ప్రతి ఏటా ఒక వరుసే ఉంటుంది. మహారాష్ట్ర 2013లో, పక్కనున్న కర్ణాటక 2017లో ఇలాంటి దురాచారాల మీద ప్రత్యేక చట్టాలే చేయవలసి వచ్చింది. ఆ హత్యలు ఏవీ కట్టెతో మొదలు కాలేదు. కుళాయి దగ్గరి మాటతోనే మొదలయ్యాయి. ఇప్పుడు ఆ చెల్లి అడిగిన ప్రశ్న గుర్తు తెచ్చుకోండి.

కాబట్టి ఆ దైవజనునికి మా ప్రశ్న ఇది. అయ్యా, పిల్లలకు భయాన్ని అమ్మేవాడు కనీసం అది ఆట అని పైన రాసి అమ్ముతున్నాడు. మీరు దేని పేరు రాసి అమ్ముతున్నారు? 2 తిమోతి 1:7 ప్రకారం దేవుడు మనకిచ్చినది పిరికితనముగల ఆత్మ కాదు. మీ పద్నాలుగు నిమిషాలు విన్న తల్లులకు ఏ ఆత్మ వచ్చింది? ఒక తల్లి మూడు రాత్రులు నిద్రపోకుండా కొడుకు ముఖంలోకి చూస్తూ కూర్చుంది. డాక్టరు దగ్గరికి తీసుకుపోతే టైఫాయిడ్ అని తేలింది. మూడు రోజులు ఆలస్యమైంది.

మన సంఘ పెద్దల్లో యాభై దాటినవారికి ఒక మాట. పిల్లలు ఆటలో మంచం కింద దాక్కుంటే మీకు వింతగా ఉంది. ఈ సీమలో నాటుబాంబుల రోజుల్లో పొద్దు గుంకగానే తలుపులు వేసుకొని నిజంగానే మంచాల కింద పడుకున్న రాత్రులు మీలో కొందరికి గుర్తున్నాయి. ఆ రాత్రుల సంగతి ఎప్పుడైనా పిల్లలకు చెప్పారా? ఎట్లా ప్రార్థించారో, ఎవరి ఇంట్లో తలదాచుకున్నారో చెప్పండి. అది వినడానికి వాళ్లు ఫోన్ పక్కన పెడతారని మా నమ్మకం. మేము ఒకసారి చెబితే పెట్టారు.

ఇక చేయవలసినవి. పదేళ్లలోపు పిల్లలకు ఈ ఆటలు, ఆడేవారి వీడియోలు వద్దు. దయ్యం వస్తుందని కాదు, నిద్ర పోతుందని. పెద్ద పిల్లలు ఆడితే ఏమి ఆడుతున్నారో పక్కన కూర్చొని చూడండి, ఎందుకు నచ్చిందో అడగండి, వెంటనే ప్రసంగం మొదలుపెట్టకండి. ఆ ఆడియోను మన గ్రూపుల్లో పెట్టినవారు తీసివేయాలి. పెట్టింది తప్పని అదే గ్రూపులో రాయాలి. మా పాత ప్రసంగం వీడియోను ఈ ఉదయమే మేము తీసివేశాము. నంద్యాల హాస్టల్ పిల్లలు ఊరికి వస్తే ఉద్యోగం సంగతి అడగవద్దు, భోజనం చేశారా అని అడగండి.

ఈ శనివారం సాయంత్రం ఆరున్నరకు కుటుంబ ప్రార్థన అవ్వ ఇంట్లో జరుగుతుంది. పాలు మా ఇంటి నుండి వస్తాయి. డబ్బాలు విసిరిన పిల్లలు గడప కడిగి, చాపలు వేస్తామని ఒప్పుకున్నారు, వారి తల్లిదండ్రులు కూడా రావాలి. ఇల్లు చిన్నది, కుర్చీలు లేవు. అవ్వకు ఎడమ చెవి బొత్తిగా వినపడదు. కుడి వైపు కూర్చొని, దగ్గరగా, గట్టిగా మాట్లాడండి.