ఇంటి తొట్టికి మన కాలువ చేపలే తగును

పట్టణములందే కాక పల్లెలందును గాజుతొట్లలో చేపలను పెంచు వాడుక నానాటికి ప్రబలుచున్నది. పిల్లలకు వినోదమును విజ్ఞానమును కలిగించు పని గనుక దీనిని నేను నిరసింపను. కాని అందు పెంచబడు చేపలను గూర్చి రైతులు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. తొట్టిలో పెట్టినది తొట్టిలోనే యుండిపోదు. యజమానికి విసుగు పుట్టిననాడో, చేప తొట్టికి మించి పెరిగిననాడో, దానిని చంప మనసొప్పక దగ్గఱి చెఱువులోనో కాలువలోనో విడిచివేయుదురు. అది జీవకారుణ్యమని వారి తలంపు. దాని ఫలము మాత్రము చెఱువును నమ్ముకొన్నవారికి సంక్రమించుచున్నది.

అద్దమునకు పట్టిన పాచిని తినునని చెప్పి అంగళ్లలో అమ్మెడి సక్కరు చేప దక్షిణ అమెరికాకు చెందినది. కొనునప్పుడు రెండంగుళముల పిల్ల. పెరిగినచో అడుగు దాటును. ఒడలెల్ల గట్టి పెంకు, ఱెక్కలకు ముండ్లు. నేడు ఆంధ్ర, తెలంగాణ ప్రాంతముల చెఱువులలో వలలను చింపుచు, దెయ్యపు చేపయని తిట్లు తినుచున్నది ఇదియే. గట్టుమట్టిలో బొరియలు త్రవ్వి గ్రుడ్లు పెట్టుట దీని స్వభావము. గట్టు బలహీనమైనచో ఎవరి పొలము మునుగునో వేఱుగా చెప్పనక్కఱలేదు. ఇక 1952లో మన దేశమునకు తేబడిన తిలాపియా సంగతి మీరెఱిగినదే. మనవారు దానిని చైనా గొరక యందురు గాని, పేరే చైనాది, పుట్టుక ఆఫ్రికాది! దోమపిల్లలను తినుటకై 1928లో ఇటలీనుండి రప్పించిన గంబూజియా, దోమపిల్లలతోబాటు మన చిఱుచేపల గ్రుడ్లను గూడ తినును. వాని ఱెక్కలను కొఱుకును. దోమపిల్లలను తినుటకు మన కాలువలందు నెత్తిపై వెండిచుక్క గల చిన్నచేప తరతరములుగా నున్నదే!

కావున ఇంటి తొట్టిలో దేశవాళి చేపలనే పెంచవలెనని నా దృఢమైన అభిప్రాయము. మనవానికి రంగెక్కడిదని కొందఱు ఆక్షేపింతురు. నీలిచారల దానియో చేపను చూచినవారు ఈ మాట యనరు. హామిల్టనను నతడు 1822లో గంగానది చేపలను గూర్చిన గ్రంథమున వర్ణించిన ఈ అంగుళమున్నర ప్రాణి, మన దేశపు పిల్లకాలువలలోను వరిమళ్లలోను తిరుగునదే. నేడు ప్రపంచమందలి పరిశోధనాలయములలో, మన హైదరాబాదున గూడ, దీనిని శాస్త్రపరీక్షలకై పెంచుచున్నారు. సీమనుండి వచ్చినదని చెప్పి మనకే దీనిని అమ్ముట చూచి నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియదు.

అయితే మన చేపలైనంత మాత్రమున వానికి పరస్పరము పొత్తు కుదురునని భ్రమపడరాదు. మొదట నోరు చూడవలెను. ఒకదాని నోట పట్టునంతటి చేపను దానితో గూడ నుంచినచో తెల్లవారునప్పటికి లెక్క తగ్గును. జెల్ల పగలెల్ల మూలనణగి యుండి రాత్రి వేటాడును. కొర్రమీను పిల్లలు ఎఱ్ఱగా గుంపుగట్టి తిరుగునప్పుడు ముద్దుగా నుండుటచే బాలురు గుడ్డతో పట్టి తెత్తురు. అవి పెరిగి తొట్టినంతను దిగమ్రింగును. వానిని చెఱువులో తల్లిదండ్రుల కాపునకు విడిచిపెట్టుటయే మేలు. గొరక సంగతి సరేసరి, తడి యున్నచో గట్టెక్కి ప్రాకిపోవును. బొచ్చె, శీలావతి పిల్లలు సాధువులే గాని, వానికి తొట్టి చెఱసాల.

నోటి పరిమాణ మొక్కటే చాలదు. గాజువలె ఒడలు పారదర్శకమై వెన్నెముక కనబడు చేపలు మన నీళ్లలో కలవు. వానిలో దేహము కొంచెము పొడవుగా, క్రిందిదవడ ముందునకు వచ్చియున్న జాతి యితర చేపల పొలుసులను పెఱికి తినును! రెండు నల్లచుక్కల పరిగను ఒంటరిగానో రెంటినో ఉంచినచో ఇతరుల ఱెక్కలు కొఱుకును. ఆఱింటిని కలిపి యుంచినచో తమలో తామే తరుముకొని తృప్తిపడును. కేరళపు బుడ్డచేప అంగుళమే యైనను దేనితోను పొసగదు.

అంతరపంట వేయు రైతునకు తరువాతి మాట సులభముగా బోధపడును. కందివేరు లోతునకు పోవును, జొన్నవేరు పైపైన తిరుగును. కావుననే రెండును ఒకే చేనిలో పండును. తొట్టిలోను అట్లే పైనీటివి, నడిమినీటివి, అడుగున తిరుగునవి ఏర్చి కూర్చవలెను. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టిలో సుమారు 56 లీటర్ల నీరు పట్టును. అందు చారల దానియోలు 8, ఇసుకలో దూఱు మీసముల సన్నచేపలు 4, వరిమళ్లలో దొరకు కోసతోక చిన్నచేపల జంట ఒకటి చాలును. ఈ జంటలోని మగది ఆకుచాటున నురుగుతో గూడుకట్టి గ్రుడ్లను కాచుట పిల్లలు తప్పక చూడదగిన వింత. దాని తోకకొస పొడవగుటచే పరిగలను మాత్రము అందు కలుపరాదు; పరిగలు కావలెనన్నచో ఈ జంటను మానుకొనవలెను. అడుగున సన్నని యిసుక, ఒక ప్రక్క నాచు, పైన మూత యుండవలెను. మూత లేనిచో దానియోలు ఎగిరి నేలబడును.

చేపలన్నిటిని ఒకేదినమున విడువరాదు. చేపల విసర్జనమునుండి పుట్టు అమోనియా విషము. చేనిలో పెంటను నైట్రేటుగా మార్చు సూక్ష్మజీవులవంటివే తొట్టి యిసుకలోను నెలకొని ఆ విషమును హరించును. అందులకు నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును. అంతదాక రెండుమూడు చేపలతోనే సరిపెట్టుకొని, మేత చిటికెడు మాత్రమే వేయవలెను. ఇంటికి తెచ్చిన క్రొత్త చేపలను రెండు వారములు వేఱు పాత్రలో నుంచి, రోగము లేదని తేలిన పిమ్మటనే కలుపవలెను.

తొలకరిలో చేపలు గ్రుడ్లు పెట్టుటకు ఎదురెక్కునప్పుడు వానిని పట్టరాదు. పురుగుమందు చల్లిన పొలముల మురుగుకాలువ నుండి చేపలను గాని నీటిని గాని తేరాదు. పైరిత్రాయిడు జాతి మందులు మిక్కిలి స్వల్పముగా నున్నను చేపలను చంపును. సహ్యాద్రి వాగులలోని ఎఱ్ఱగీత డెనిసను పరిగ, కొనుగోలుదారుల మోజుచేతనే అంతరించు స్థితికి వచ్చినది. తొట్టిలో పుట్టినదని నమ్మకము లేనిదే దానిని కొనవలదు.

ఇప్పటికే అంగడి చేపలు గలవారు వానిని కడదాక తొట్టిలోనే పోషింపవలెను, లేదా మఱియొక తొట్టి గలవారి కీయవలెను. వారము వారము మార్చెడి నీటినైనను కాలువలో పారబోయరాదు. అందు గ్రుడ్లును నత్తలును పోగలవు. పెరటిలోని బీర, ఆనప పాదులకు పోసినచో అందలి నత్రజని వానికి పనికివచ్చును.