టవర్ పడితే కొంప మునిగినట్టేనా?

నల్లటి ఆకాశం. కొండ కొమ్మున బూడిదరంగు బురుజు. నెత్తిన పిడుగు పడి, బురుజు మీది కిరీటం ఎగిరిపోతోంది. మూడు కిటికీల్లోంచీ మంటలు. ఇద్దరు మనుషులు తలకిందులుగా పడిపోతున్నారు.

టారో కార్డుల్లో 16వది ఇది. పేరు 'ద టవర్'. డెత్ కార్డు వస్తే 'అది చావు కాదండీ, మార్పు' అని సర్దిచెప్పే టారో రీడర్లు కూడా టవర్ రాగానే కాస్త గొంతు తగ్గిస్తారు. ఉద్యోగం ఊడటం, సంబంధం చెడటం, గుట్టు రట్టవడం... అన్నీ దీని ఖాతాలోనే!

అసలు అర్థం మాత్రం అంత చెడ్డదేం కాదు. అబద్ధం మీదో, అహం మీదో కట్టుకున్నది ఒక్క దెబ్బతో కూలిపోతుంది. ఎగిరే కిరీటం ఆ అహం. మెరుపు, హఠాత్తుగా తెలిసొచ్చే నిజం. ముందున్న 15వ కార్డు దయ్యం. అందులో ఓ జంట మెడలకి గొలుసులుంటాయి. తర్వాతది, 17వది, నక్షత్రం. చుక్కల కింద ఓ అమ్మాయి తీరిగ్గా నీళ్లు ఒంపుతుంటుంది. చెర, దాన్ని బద్దలుకొట్టే పిడుగు, ఆ తర్వాత ఊరట... మూడూ వరసగా చూడాలంటారు తెలిసినవాళ్లు. మనవాళ్లు మధ్యదొక్కటే చూసి జడుసుకుంటారు.

ఈ బొమ్మని మనకి తెలిసిన రూపంలో గీసింది పమేలా కోల్‌మన్ స్మిత్ అనే చిత్రకారిణి. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ చెప్పిన ప్రకారం గీస్తే, 1909లో లండన్‌లో అచ్చయింది. ఆ పేకకి ప్రచురణకర్త రైడర్ పేరూ, వెయిట్ పేరూ కలిపి 'రైడర్-వెయిట్' అన్నారు. గీసినావిడ పేరు మాత్రం చాలాకాలం ఎవరికీ పట్టలేదు. ఆమెకి ముట్టిన సొమ్మూ తక్కువే.

అంతకుముందు సంగతి ఇంకా తమాషా. టారో పుట్టింది జోస్యానికి కాదు, ఆటకి! 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీ దొరలు కాలక్షేపానికి ఆడుకునేవారు. ఈ బొమ్మలన్నీ తురుపు ముక్కలు. మిలాన్ ప్రభువుల కోసం చేత్తో గీయించిన పేక ఒకటి ఇప్పటికీ ఉంది గానీ, అందులో టవరూ, దయ్యమూ రెండూ లేవు. ఎవరో భయపడి తీసేశారని కథలల్లారు. అయితే నాణేల రౌతు ముక్క కూడా కనిపించడంలేదు మరి, దానిమీద ఎవరికేం కక్ష? ఇక ఈజిప్టు పూజారుల రహస్య విద్య అన్నమాట, 1781లో కూర్ ద జెబెలాఁ అనే ఫ్రెంచి పండితుడు పుట్టించింది. అప్పటికి ఈజిప్టు రాతల్ని చదవగలిగినవాళ్లే లేరు!

పేర్ల సంగతీ అంతే. ఇటలీలో దీన్ని 'పిడుగు' అన్నారు, 'నిప్పు' అన్నారు, 'దయ్యం ఇల్లు' అని కూడా అన్నారు. ఫ్రెంచి పేక మీద మాత్రం 'దేవుడి ఇల్లు' అని ఉంటుంది. ఒకే ముక్క!

ఆ కాలం ఇటలీవాళ్లకి పిడుగుపడి కాలే బురుజు కళ్లతో చూసిన సంగతే. బొలోన్యాలో గొప్పింటివాళ్లు పంతాలకి పోయి కట్టిన బురుజులు ఇప్పటికీ కొన్ని నిలబడి ఉన్నాయి. వాటిలో అసినెల్లి బురుజు ఎత్తు 97 మీటర్లు. వెనిస్‌లోని సెయింట్ మార్క్ గంటస్తంభం మీద ఎన్నిసార్లు పిడుగు పడిందో! 1489లో దాని శిఖరం కాలిపోయింది. 1776లో పిడుగునాపే కడ్డీ బిగించాక ఆ బాధ తప్పింది. అయినా 1902లో కూలింది... ఈసారి పిడుగుతో కాదు, గోడ పగుళ్లిచ్చి. 1912కల్లా అక్కడే, అదే తీరున మళ్లీ కట్టుకున్నారు.

ఇప్పుడు మన ఊళ్ల సంగతికొద్దాం. నిశ్చితార్థం ముందు సరదాకి టారో చెప్పించుకుంది మాకు తెలిసిన ఒకమ్మాయి. టవర్ వచ్చింది. 'గండం ఉంది, పరిహారం చేయించాలి' అని వేలల్లో అడిగారట. పెళ్లికొడుకు ఫోన్ చేసినా మాట్లాడలేక రెండు వారాలు నలిగిపోయింది పాపం. ఆ పిల్లకి ఎవరూ చెప్పని లెక్క ఒకటుంది. పేకలో 78 ముక్కలు. మామూలుగా పరిచేది పది. అంటే ఆ పదిలో టవర్ ఉండే అవకాశం దాదాపు ఎనిమిదింట ఒకటి. రోజుకి ఎనిమిదిమందికి చెబితే, సగటున ఒకరికి తప్పకుండా 'గండం'! పంజరంలోంచి వచ్చి చిలక తీసే కార్డుకీ దీనికీ ఆ విషయంలో తేడా ఏముంది? చిలక పరిహారానికి వేలడగదు, అంతే.

బొమ్మ చూసి మన బతుకులో బీటలెక్కడున్నాయని ఆలోచించుకుంటే పోయేదేం లేదు. పిల్ల పెళ్లిని ముక్క చేతిలో పెట్టడమే దారుణం.

అన్నట్టు, ఫ్రాన్స్‌లో టారోని ఇప్పటికీ పేకాటగానే ఆడతారు. బొమ్మలు మారిపోయి అక్కడి 16లో బురుజు కనిపించదు గానీ, నంబర్లు అవే. ఆ ముక్కకి వచ్చేది అర పాయింటు. దాన్ని 17 కొట్టేస్తుంది.