ఆ తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వండి

మార్కు సువార్త 5వ అధ్యాయంలోని యాయీరు కూతురి సంగతి మనకు సండే స్కూలు నుంచే తెలుసు. ప్రసంగీకులు సాధారణంగా ఆ పిల్ల లేచి నడిచిన చోటికి పరుగెత్తుతారు. దానికి ముందున్న 40వ వచనం దగ్గర ఎక్కువసేపు నిలవరు. ఆ వచనంలో ప్రభువు గోల చేస్తున్న జనాన్ని బయటికి పంపాడు. తల్లినీ తండ్రినీ, ముగ్గురు శిష్యులనూ వెంటబెట్టుకొని పిల్ల ఉన్న గదిలోకి వెళ్లాడు.

మన దగ్గర దీనికి తలకిందులుగా జరుగుతోంది. తల్లిదండ్రులు వరండాలో ఉంటారు. గోల చేసే జనం వాళ్ల చుట్టూ ఉంటారు.

చెన్నైలోని తెలుగు క్రైస్తవులకు ఈ వరండా కొత్త కాదు. సూళ్లూరుపేట, నాయుడుపేట, సత్యవేడు వైపు ఊళ్లలో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకో, పాలు తాగుతూ నీలంగా మారిపోయిన బిడ్డకో వైద్యం చాలకపోతే కళ్ల ముందు కనిపించే పెద్ద ఊరు ఇదే. ప్రభుత్వ నమూనా నమోదు లెక్కల ప్రకారం 2020లో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో ఏడాది లోపు చనిపోయిన పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 24 మంది, తమిళనాడులో 13 మంది. సరిహద్దు దాటి పరుగెత్తుకొచ్చే తల్లిది తొందరపాటు అని ఎవరంటారు?

నాలుగు బట్టలు సంచిలో కుక్కుకొని, పెద్దపిల్లను పొరుగింటివాళ్లకు అప్పగించి, 'రెండ్రోజుల్లో వచ్చేస్తాం' అని బయలుదేరతారు. ఆ రెండ్రోజులు నెల అవుతాయి. కాన్పు కుట్లు మానకముందే తల్లి గచ్చు మీద పడుకుంటుంది. తండ్రికి కూలి పోతుంది. తమిళంలో పిలిచిన పేరు తమ బిడ్డదో కాదో తెలియక ప్రతి పిలుపుకూ ఇద్దరూ లేచి నిలబడతారు.

అప్పుడు పరామర్శకని మనం వెళ్తాం. గర్భంతో ఉన్నప్పుడు ప్రార్థన మానేశావా అమ్మా? ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదైనా ఉందా? పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ప్రభువును అడిగిన ప్రశ్న ఇదే. ఇతనూ కాదు, ఇతని తల్లిదండ్రులూ కాదని ఆయన యోహాను 9వ అధ్యాయంలో తేల్చి చెప్పాడు. రెండు వేల సంవత్సరాల కింద ప్రభువు మూసేసిన ప్రశ్నను ఐసీయూ గుమ్మం దగ్గర మళ్లీ తెరవడానికి మనకు ఎవరు అధికారం ఇచ్చారు? వెంటనే దావీదు బిడ్డ సంగతి ఎత్తుతారు. ఆ కథలో దోషి సింహాసనం మీదున్న రాజు. ఆయన నేల మీద పడుకున్నా అది సొంత నగరులోని నేల. కూలివాడి భార్యను ఆ రాజు పక్కన బోనులో నిలబెట్టడం వాక్యానికి కూడా ద్రోహమే.

ఫోటోల సంగతి ఇంకా ఘోరం. మా సంఘంలో కాంట్రాక్టు పారిశుద్ధ్య పని చేసే ఒక తమ్ముడి బిడ్డ ముక్కుకూ నోటికీ గొట్టాలతో ఉన్న ఫోటో ఒక్క రోజులో పదుల వాట్సాప్ గ్రూపులు తిరిగింది. కింద 'అత్యవసర ప్రార్థన' అని ఒకరు, కానుకలు పంపాల్సిన నంబరు మరొకరు పెట్టారు. ఆ నంబరు ఆ తమ్ముడిది కాదు. "అయ్యగారూ, మా పిల్ల ఫోటో తీసెయ్యమని చెప్పండి. డబ్బులు ఇవ్వకపోయినా ఫరవాలేదు" అన్నాడు. ఆ పిల్ల ఇంటికి వచ్చింది. కానీ ఆక్సిజన్ సిలిండర్‌తో వచ్చింది. నెలకోసారి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అందుకే ఏ స్వస్థత కూటంవాళ్లూ ఆ దంపతులను సాక్ష్యానికి పిలవలేదు. సగం స్వస్థతకు మన వేదికల మీద మైకు దొరకదు.

నేను ప్రార్థనకు వ్యతిరేకిని కాను. తల్లిని బిడ్డ పక్కన ఉండనివ్వమన్నది వైద్యమే చెప్తున్న మాట. 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక, తక్కువ బరువు పిల్లలను తల్లి గుండెల మీద కట్టి ఉంచడం మొదలుపెట్టారు. 2021లో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం ఐదు దేశాల్లో జరిగింది. మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా అందులో ఉంది. పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనించి ఉంచిన పిల్లల్లో మరణాలు దాదాపు 25 శాతం తగ్గాయి. 2022లో ఆ సంస్థ ఇంకో అడుగు వేసి, ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల అవసరాలకు తగ్గ సెలవులు, హక్కులు కల్పించాలని చెప్పింది.

ఇక్కడ ఉన్నదేమిటి? 2017 సవరణతో 26 వారాల ప్రసూతి సెలవు వచ్చింది. అది కంపెనీలో, ఆఫీసులో జీతం తీసుకునే తల్లికి. ఇళ్లల్లో పాచిపని చేసే తల్లికి లేదు. జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో ఏడాది లోపు బిడ్డకు మందులు, పరీక్షలు, రక్తం, రాకపోకలు ఉచితం. మంచిదే, చాలామందికి తెలియదు, తెలియజెప్పండి. కానీ అదే పథకంలో తల్లికి భోజనం మామూలు కాన్పుకు 3 రోజులు, ఆపరేషన్‌కు 7 రోజులు. ఎనిమిదో రోజు నుంచి ఐసీయూ బిడ్డకు పాలివ్వాల్సిన తల్లి ఏం తినాలి? ఈ నగరంలో దానికి ఎంతోకొంత జవాబిచ్చింది 2013లో మొదలైన అమ్మ క్యాంటీన్, రూపాయి ఇడ్లీతో. మన సంఘాలు కావు. యాయీరు కూతురు లేచాక ప్రభువు చెప్పిన మాట, ఆమెకు తినడానికేమైనా పెట్టమని.

మన పెద్దలు ఇలాంటివాళ్లు కారు. 1900లో వేలూరులో ఐడా స్కడ్డర్ ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. ఆ పేరు చెప్పుకొని మనం ఇప్పటికీ గర్వపడతాం. మరి మన చేతిలో ఇప్పుడున్నదేమిటి? ఫ్యాన్లు, మరుగుదొడ్లు, వంటగది, కుళాయి ఉండి, సోమవారం నుంచి శనివారం దాకా తాళం వేసిన హాళ్లు. ఎగ్మూరు, పురసవాక్కం, పెరంబూరు చుట్టుపక్కల అవి ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టండి. రాత్రి పది మందికి చాపలు వేయడానికి ఏ కన్వెన్షన్ బడ్జెట్టూ అక్కర్లేదు.

యువత విషయంలో నాకు ఆశ ఉంది. మీలో చాలామంది ఇక్కడే చదువుకున్నారు, తమిళం చదవడం వచ్చు. ఆసుపత్రి ఫారం నింపడం, రక్తం ఇవ్వడం, తండ్రి పనికి వెళ్లిన రోజు బయట తల్లికి తోడుండటం, డాక్టరు చెప్పింది తెలుగులో చెప్పడం మీ వల్ల అవుతుంది. అటెండెంట్‌గా ఉన్న రోజులకు కూలి నష్టపరిహారం ఇవ్వాలని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడగడం మాత్రం అందరి పని.

హాలు మురికవుతుంది, ఎవరెవరో వస్తారు, మన సంఘంవాళ్లు కాకపోతే ఎలా అని కమిటీలో పెద్దలు అడుగుతారు. అడిగారు కూడా. తుడవడానికి మనుషులున్నారు, రిజిస్టరులో పేరు రాయించుకుంటాం అన్నాను. మూడో ప్రశ్నకు బదులివ్వాల్సింది వాళ్లే. తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంది.